ఇమాం హుస్సేన్ చెప్పిన సముద్రాలు

మా పిడుగురాళ్లలో ఎవరికైనా సముద్రం చూడాలని బుద్ధి పుడితే ముందు నా ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాళ్లు. నాకు సముద్రంతో ఏ సంబంధమూ లేదు. ఈత రాదు, చేపలు తినను. కానీ బూత్ పక్కనే టాక్సీ స్టాండు, ఆ స్టాండులో ఇమాం హుస్సేన్, అతనికి సొంత ఫోన్ లేదు. కాబట్టి నా నంబరే అతని నంబరు. "జయరావు గారూ, ఇమాం ఉన్నాడా?" అని అడిగే గొంతును బట్టే అది ఆస్పత్రి బేరమో, పెళ్లి బేరమో, సముద్రం బేరమో నేను చెప్పేసేవాణ్ని. సముద్రం బేరం వాళ్ల గొంతులో కాస్త సిగ్గుండేది. పనీపాటా లేకుండా ఊరికే నీళ్లు చూసిరావడానికి బండి కట్టించుకుంటున్నామన్న సిగ్గు.

ఈ బేరాలన్నీ మే నెలలోనే. మిరపకాయలు యార్డుకి చేరిపోయి, పత్తికట్టె పీకేసి, మళ్లీ దుక్కి దున్నేదాకా రైతు చేతులు ఖాళీగా ఉండే నెల అది. పైగా మా ఊళ్లో ఎండ ఒక్కటే కాదు, సున్నపు బట్టీల సెగ కూడా. చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము, గుమ్మం ముందు తెల్లటి దుమ్ము, తాగే టీలో కూడా ఉందేమోనని అనుమానం. ఒకసారి టీవీలో చూపించారు, చలిదేశాల వాళ్లు మంచి ఎండ కాసే చోటు వెతుక్కుని మరీ సముద్రానికి వెళ్తారట. నాకు ఒళ్లు మండింది. ఎండే కావాలంటే మా స్టాండులో ఒక్క మధ్యాహ్నం నిలబడమనండి. మావాళ్లు వెళ్లేది ఆ ఎండలోనే గాలి ఎక్కడుందో వెతుక్కుంటూ.

ఇమాం హుస్సేన్‌కి అప్పటికి నలభై రెండేళ్లు. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. బండి తోలీ తోలీ అలా అయ్యాడని అతను, చిన్నప్పటినుంచీ అంతేనని నేను. ఒకే బడిలో చదివాం, ఒకే తరగతిలో ఆగిపోయాం. 1992లో గుంటూరులో ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన మొహం కూడా తుడుచుకునేవాడు కాదు. సీటు కవర్లు అతని భార్య ఖైరున్నీసా కుట్టింది. ఆమె ఇంటి దగ్గర మిషను పెట్టుకుని బజారు మొత్తానికి జాకెట్లు కుట్టేది. నన్ను అన్నయ్యా అని పిలిచేది, మా ఆవిడ శివపార్వతిని వదినా అని. వాళ్లకి ఒక్కతే కూతురు నస్రత్.

సముద్రానికి బండి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లని ఇమాం వెంటనే ఎక్కించుకునేవాడు కాదు. డాక్టరు దగ్గర ఉన్నట్టు కొన్ని ప్రశ్నలుండేవి. పిల్లలెంతమంది? పెద్దవాళ్లున్నారా? ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడ్డం మానేశారా?

"అది నీకెందుకయ్యా?" అని విసుక్కునేవాళ్లు కొందరు.

"నాక్కాదండీ, సముద్రానికి కావాలి" అనేవాడు.

అన్నీ విన్నాక కాసేపు టైరు వైపు చూసి తీర్పు చెప్పేవాడు. చిన్నపిల్లలుంటే సూర్యలంక. కుర్రకారు గుంపయితే చీరాల వాడరేవు. మాటలు లేనివాళ్లు ఉంటే ఒంగోలు అవతల కొత్తపట్నం. ఇవేవో గాలికి చెప్పిన మాటలు కావు. కోటేష్, లక్ష్మీకాంత్ అని ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగాదాపడి మూడేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉంటే, వాళ్లమ్మ పోరు పడలేక ఇద్దరూ ఒకే బండిలో బయల్దేరారు. వీళ్లకి కొత్తపట్నమే అన్నాడు ఇమాం. పొద్దున వెళ్లేటప్పుడు ఒకడు ముందు సీట్లో, ఒకడు వెనక. సాయంత్రం స్టాండులో దిగేటప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే తువ్వాలు. నా కళ్లతో నేను చూశాను.

అతని మాట వినకపోతే ఏమవుతుందో కూడా చూశాను. కోటిరత్నం గారని హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు. ఆవిడకి ఎవరి సలహా అయినా గిట్టదు. బందరు దగ్గర మంగినపూడికే వెళ్లాలని పట్టుబట్టారు. "అక్కడ ఇసక కాదమ్మా, నల్లమట్టి" అని ఇమాం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వినలేదు. తిరిగొచ్చి, మోకాళ్లదాకా మట్టి కొట్టుకుపోయిన చీరతో నా బూత్ ముందు నిలబడి, "ఈ రేగడి కోసం అంత దూరమా? మా పత్తిచేలో లేదా?" అని నన్ను అరిచారు. నేనేం చేశాను? నేను ఫోన్ ఎత్తానంతే.

ఇవన్నీ నీకెలా తెలుస్తాయిరా అని ఒకసారి అడిగాను. బండిలో ఇసక ఊడుస్తున్నాడు. ఊడవడం ఆపకుండానే చెప్పాడు.

"జనం ఎలా తిరిగొస్తారో చూస్తాన్రా. సూర్యలంకలో పిల్లలు రామని ఏడుస్తారు. పెద్దవాళ్లు పిల్లల్ని తిడుతూ వెనక్కి వెనక్కి చూస్తుంటారు. వాడరేవు నుంచి వచ్చేవాళ్లు ఆకలి ఆకలంటారు. కొత్తపట్నంలో జనం తక్కువ, గాలి ఎక్కువ. అక్కణ్ణుంచి ఎవరూ గట్టిగా మాట్లాడుకుంటూ రారు. నీకు ఇసక చూపిస్తే ఏ ఊరిదో చెప్పగలవా? నేను చెప్తా."

గొప్పవాడే అనుకున్నాను. ఆ మాటల్లో సముద్రం ఎక్కడా లేదన్న సంగతి నాకు తట్టలేదు. నేనే కాదు, ఊళ్లో ఎవరికీ తట్టలేదు. సముద్రం గురించి మాట వస్తే "ఇమాంని అడగండి" అనేవాళ్లు. మసీదు దగ్గరైనా, కిళ్లీకొట్టు దగ్గరైనా అదే మాట.

ఇంట్లో మాత్రం ఆ మాట చెల్లలేదు. ఖైరున్నీసా సముద్రం చూడలేదు. పుట్టింది దాచేపల్లి, మెట్టింది పిడుగురాళ్ల, చూసిన పెద్ద నీళ్లు నాగార్జునసాగర్ కాలువ. బండి కొన్న ఏడాదే, మొదటి వేసవిలోనే అడిగిందట, ఒకసారి తీసుకెళ్లండి అని. మరుసటేడు అడిగింది. ఆ పై ఏడు అడిగింది. ప్రతిసారీ అతని జవాబు ఒకటే. "ఏముంది అక్కడ, ఉప్పునీళ్లు. చూసి చూసి మొహం మొత్తింది నాకు." సీజన్లో బేరాలు వదులుకోలేమంటాడు, సీజను అయిపోతే వానలంటాడు. ఖైరున్నీసా నోరున్న మనిషే. కానీ మొహం మొత్తిందన్న మనిషిని బతిమాలడం ఆమెకి నామోషీ. రెండు రోజులు మిషను చప్పుడు గట్టిగా చేసి ఊరుకునేది.

2001 మే నెలలో నస్రత్ పదో తరగతి పాసయింది. నాలుగువందల పైన మార్కులు. ఏం కావాలని అడిగితే, "ఊళ్లో అందర్నీ మీరే తీసుకెళ్తారు. మా క్లాసులో ఇరవైమంది చూశారు నాన్నా. ఎట్లా ఉంటదే అని అందరూ నన్నే అడుగుతారు, మీ నాన్నకి తెలుసుగా అని. నేను అబద్ధాలు చెప్తున్నా" అంది. ఖైరున్నీసా మిషను ఆపి మొగుడి వైపు చూసిందట. కూతురి ముందు ఉప్పునీళ్ల మాట ఎత్తలేక, సరే ఈ నెల వెళ్దాం అనేశాడు ఇమాం.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. ఎక్కడికి?

పది నిమిషాల్లో ఊరందరికీ సముద్రం చూసిపెట్టే మనిషి తన ఇంటికి చూసుకోలేకపోయాడు. సోమవారం సూర్యలంక అన్నాడు. మంగళవారం, అబ్బే అక్కడ జనం ఎక్కువ, కొత్తపట్నం అన్నాడు. గురువారానికి వాడరేవు. పై వారం మళ్లీ మొదటికొచ్చి, రామాపురం అట, కొత్తగా ఏదో పేరు ఎత్తాడు. రోజూ సాయంత్రం నా బూత్‌లో బల్ల మీద కూర్చుని ఇదే గొడవ. బేరం ఫోన్లు ఎత్తడానికి నాకు ఖాళీ లేదు.

"కోటేష్‌కి నిమిషంలో చెప్పావు. నీ పెళ్లానికి చెప్పడానికి పంచాంగం కావాలా?" అన్నాను.

"కోటేష్‌వాళ్లు ఎలా తిరిగొస్తారో నాకు తెలుసురా. మావాళ్లు తిరిగిరావడం నేనెప్పుడూ చూడలేదుగా" అన్నాడు. నవ్వుతాలుకి అన్నాడనుకుని నేను నవ్వాను. అతను నవ్వలేదు.

అలా మూడు వారాలు గడిచాయి. రోహిణి కార్తె వచ్చేసింది. ఎండకి స్టాండులో తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖైరున్నీసా నేరుగా స్టాండుకి వచ్చింది. ఆమె అక్కడికి రావడం నేను అంతకుముందు చూడలేదు. చేతిలో కొలత టేపు అలాగే ఉంది, కుడుతూ కుడుతూ లేచొచ్చినట్టుంది. డ్రైవర్లందరూ తల తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు, నా బూత్ ముందే నిలబడింది మరి.

"ఎల్లుండి ఆదివారం పొద్దున అయిదింటి బస్సుకి నేనూ, నస్రతూ, శివపార్వతి వదినా వెళ్తున్నాం. మీరొస్తే రండి, లేకపోతే మీ బండి తుడుచుకోండి" అంది ఇమాంతో.

మా ఆవిడ కూడా ఈ కుట్రలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇమాం మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. ఊరందరినీ సముద్రానికి దింపిన మనిషి పెళ్లాం బస్సెక్కి వెళ్తే స్టాండులో తలెత్తుకునేది ఎట్లా? అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఈసారి ఆమె అతను లేకుండా వెళ్తే ఇక ఎప్పటికీ అతన్ని ఏమీ అడగదు. అది నాకూ తెలుసు, అతనికి నాకన్నా బాగా తెలుసు.

"బస్సెందుకు, బండిలోనే పోదాం. ఎక్కడికనేదే..." అని నసిగాడు.

"ఒక్కటి చెప్పండి. జనాన్ని వెనక్కి పిలవడానికి హారన్ కొడతారుగా. ఎక్కువసార్లు ఎక్కడ కొట్టాల్సొస్తుంది?"

ఇమాం ఆలోచించలేదు. "సూర్యలంకలో."

"అయితే అక్కడికే" అని వెళ్లిపోయింది. మూడు వారాల గొడవ మూడు మాటల్లో తేల్చేసింది. ఆ టేపు మెడలో వేసుకుని ఆమె బజారు దాటుతుంటే నాకు ఆమె మీద గౌరవం రెట్టింపయింది.

ఆదివారం తెల్లవారకముందే ఇమాం నమాజు చేసుకుని బండి తెచ్చాడు. వెనక ముగ్గురు ఆడవాళ్లు, ముందు నేను. డిక్కీలో పులిహోర, మామిడిపళ్లు, రెండు క్యాన్ల నీళ్లు, ఒక చాప. నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల చేరేసరికి ఏడున్నర. దారి పొడుగునా నస్రత్ ప్రశ్నలే. అలలు ఎంత ఎత్తు నాన్నా? నీళ్లు చల్లగా ఉంటాయా? ఇమాం ఎదురుగా వచ్చే లారీలు చూస్తున్నట్టు నటిస్తూ, చూస్తావుగా, చూస్తావుగా అంటున్నాడు.

సూర్యలంకలో బండి సరుగుడు తోపు దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ పైన ఇసకలో టైర్లు దిగబడతాయి. తోపు దాటి, ఇసక మేట ఎక్కితే తప్ప సముద్రం కనపడదు. హోరు మాత్రం వినిపిస్తుంది. ఇమాం నీడ చూసి బండి పెట్టాడు, ఎక్కడ పెడితే పదింటికి కూడా నీడ ఉంటుందో అతనికి తెలుసు. మేం నలుగురం చెప్పులు విప్పి బండి దగ్గరే వదిలి నడిచాం. అతను బానెట్ ఎత్తాడు, రేడియేటర్ చూసి వస్తానన్నాడు.

ఇసక మేట ఎక్కగానే నస్రత్ ఒక కేక పెట్టి పరిగెత్తింది. మా శివపార్వతి కూడా, నలభై ఏళ్ల దగ్గర పడుతున్న మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాని వెంట పడింది. ఖైరున్నీసా మాత్రం నీళ్లు వచ్చి తాకే చోటికి నాలుగడుగుల ఇవతల ఆగిపోయింది. ఎంతసేపు చూసిందో. నాలుగైదు అలలు వచ్చి వెళ్లాయి. ఆమె కాళ్లు తడవలేదు.

"దిగమ్మా" అన్నాను.

"ఆయన రానీ అన్నయ్యా. కలిసి దిగుతా."

పావుగంటయింది. అరగంటయింది. పొద్దు పైకొస్తోంది. నస్రత్ రెండుసార్లు తల్లి చెయ్యి లాగింది. ఆమె కదల్లేదు, ఇసక మేట వైపే చూస్తోంది. నాకు తిక్క రేగింది. వెళ్లి చూద్దును కదా, బానెట్ మూసే ఉంది. ఇమాం మా నాలుగు జతల చెప్పులూ వరసగా పేర్చుకుని, పక్కన సరుగుడు మొదలుకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏరా, బుద్ధుందా? ఆవిడ అక్కడ ఎండలో నిలబడి ఉంది" అన్నాను.

"మీరు కానివ్వండిరా. నేను బండి దగ్గరుంటా."

"ఏముందిరా నీ బండిలో? పులిహోర ఎత్తుకుపోతారా?"

ఒక చెప్పుని వరసలోకి సర్దాడు. నా వెనక ఇసకలో అడుగుల చప్పుడైంది. ఖైరున్నీసా వచ్చింది. చెప్పుల వరస చూసింది, అతన్ని చూసింది. ఏదో అర్థమైనట్టుంది, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు రారా?"

అప్పుడు చెప్పాడు. బండి కొన్న మొదటి వేసవిలో నరసరావుపేట వాళ్లని ఇక్కడికే తెచ్చాడట. వాళ్లు నీళ్లలో ఉండగా, తనూ ఒకసారి చూద్దామని బండి వదిలి ఆ ఇసక మేట సగం దాకా ఎక్కాడు. ఈలోగా వాళ్ల ఆరేళ్ల పాప దాహమేసి ఒక్కతే బండి దగ్గరికి వచ్చింది. డ్రైవరు లేడు. వెతుక్కుంటూ తోపులోకి వెళ్లి దారి తప్పింది. గంట తర్వాత ఎవరో జాలర్లు ఎత్తుకొచ్చి అప్పగించారు. పాపకేం కాలేదు. కానీ ఆ గంటసేపూ ఆ తల్లి అరిచిన అరుపులు అతను మర్చిపోలేదు.

"తండ్రి నన్ను కొట్టలేదు. నిన్ను నమ్మి బండి దగ్గర ఉంచాం కదయ్యా అన్నాడు. అంతే. ఆ రోజునుంచీ బండి వదిలి కదల్లేదు. ఏ సముద్రం దగ్గరా."

"ఏ సముద్రం దగ్గరా?" అంది ఖైరున్నీసా.

"చూడలేదు నేను. చప్పుడు విన్నానంతే."

తొమ్మిది వేసవులు. ఎన్ని వందలమందిని తెచ్చి ఉంటాడో. నాకు జాలి వేసింది, ఆ పాప సంగతి విని కళ్లు కూడా చెమర్చాయి. ఖైరున్నీసా కూడా కరిగిపోతుందనుకున్నాను. నేను పొరపాటుపడ్డాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అవి జాలితో వచ్చినవి కావు.

"చూసి చూసి మొహం మొత్తిందన్నారే! తొమ్మిదేళ్లు అదే మాట అన్నారే నాతో!"

"ఏం చెప్పను ఖైరూ? నేనే చూడలేదని చెప్తే..."

"చెప్తే ఏమయ్యేది? నవ్వేదాన్నా? అయ్యో అనేదాన్ని. పాప సంగతి చెప్తే పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. మీకు ఊళ్లో పేరు కావాలి, అందుకని నన్ను గుమ్మంలో కూర్చోబెట్టారు. నాకు సముద్రం చూపించకపోతే పోయింది, ఈ మాట ఒక్కటి నాకు చెప్పకపోతివి గదయ్యా!"

ఆమె అతన్ని ఏకవచనంలో అనడం నేను వినడం అదే మొదలు. ఇమాం తల వంచుకున్నాడు. "తప్పే" అన్నాడు.

ఆమె పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, తలుపులు నాలుగూ తనే లాగి చూసి, తాళంచెవి తీసుకుని నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, కాసేపు నువ్వు కూర్చో బండి దగ్గర" అంది. నేను కూర్చోలేదు. తాళంచెవి జేబులో వేసుకుని వాళ్ల వెనకే నడిచాను. చెప్పులు పోతే పోయాయి.

ఇసక మేట పైన ఇమాం ఆగాడు. ఆ ఎండలో సముద్రం కళ్లు చెదిరేలా మెరుస్తోంది. అతని పెదవులు కదిలాయి, దేవుణ్ని తలుచుకున్నాడో ఏమో. కూతురు నీళ్లలోంచి చెయ్యెత్తి నాన్నా అని అరిచింది. అతను దిగి నడిచాడు, ఎప్పుడూ లేనిది వీపు నిటారుగా పెట్టి, బడిలో మేష్టారు ముందుకి పిలిచిన పిల్లవాడిలా. నీళ్ల అంచున ఆగి భార్య వైపు తిరిగాడు. ఆమె కోపం పోలేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ముందు మీరు దిగండి. ఎట్లా ఉందో చెప్పండి. ఊరందరికీ చెప్పారుగా" అంది.

అతను దిగాడు. ఒక అల మోకాళ్ల దాకా వచ్చి, వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసక లాగేసుకుపోయింది. తూలిపడబోయి నిలదొక్కుకున్నాడు. ఇంకో అల వచ్చింది. లుంగీ తడిసిపోయింది. అతను ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు.

"ఎట్లా ఉంది?" అంది ఖైరున్నీసా ఒడ్డునుంచి.

"నాకు చెప్పడం రావట్లేదు. నువ్వు రా."

ఆమె వెంటనే వెళ్లలేదు. ఇంకో రెండు అలలు పోనిచ్చింది. తర్వాత చీర కాస్త పైకి పట్టుకుని, అతను చాచిన చెయ్యి పట్టుకోకుండా, తనంతట తనే నడిచి వెళ్లి అతని పక్కన నిలబడింది.